సర్వర్‌లో ఒక్కటే దరఖాస్తు

తాము మొదటిసారి ఒక వెబ్‌సైటును సర్వర్ మీదికి ఎక్కించిన రోజును చాలామంది సంతోషంగా తలుచుకుంటారు. నాకు ఆ రోజు 2014 జూలై 21, సోమవారం. సంతోషం ఆ ఉదయం పది గంటల ఇరవై ఐదు నిమిషాలకు మొదలై గురువారం మధ్యాహ్నం రెండింటికి అయిపోయింది. మూడు రోజుల మూడు గంటల ముప్ఫై ఐదు నిమిషాలు. ఈ పని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లలు చదువుతారని ఇదంతా రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను.

రాజాం, చీపురుపల్లి మధ్య ఒక ట్రస్టు నడిపే నర్సింగ్ స్కూల్లో నేను ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను. 1983లో టైపిస్టుగా చేరాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే నేనే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఆడపిల్లలకు నేర్పమన్నారు. 2014 నాటికి నాకు యాభై ఆరేళ్ళు, ఉద్యోగం ఇంకా రెండేళ్ళు ఉంది.

స్కూల్లో సీట్లు నలభై. ఏటా మూడు వందల పైచిలుకు దరఖాస్తులు వచ్చేవి. ఇంటర్ మార్కులు చూసి జాబితా రాసి నోటీసు బోర్డుకి అంటించేవాళ్ళం. దాన్ని చూసుకోవడానికి బొబ్బిలి అవతలి నుంచి కూడా పిల్లలు బస్సులు మారి వచ్చేవారు. పేరు లేదని తెలుసుకుని, మెట్ల మీద కాసేపు కూర్చుని, మళ్ళీ బస్సెక్కేవారు. ఆ మాట వాళ్ళ ఊళ్ళోనే తెలిస్తే ఆ ప్రయాణం తప్పుతుంది కదా అనుకున్నాను. ఆరు నెలలు ఆదివారాలు చర్చి నుంచి రాగానే కూర్చుని ప్రోగ్రామ్ రాశాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కొడితే మార్కులు, సీటు వచ్చిందో లేదో చూపిస్తుంది. అంతే. ఆ ఉద్దేశంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

జూన్ నెలాఖరున సర్వర్ అద్దెకు తీసుకున్నాం. సింగపూర్‌లో ఎక్కడో ఒక పెద్ద యంత్రం. దాన్ని గదుల్లా విడగొట్టి ఒక్కో గది ఒక్కొక్కరికి ఇస్తారు. తాళం మనదే, ఊడ్చుకోవడం మనదే, దొంగలు పడితే చూసుకోవడమూ మనదే. మాది అన్నిటికంటే చిన్న గది, 512 ఎంబీ. మా ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ గదిలోకి వెళ్ళే దారి ఒక నల్లటి తెర. అందులో తెల్లటి అక్షరాలతో ఆజ్ఞలు రాయాలి.

ఆఫీసు సూపరింటెండెంటు నాకంటే ఒక ఏడు చిన్న, సర్టిఫికెట్టు ప్రకారం మాత్రం నాలుగు నెలలు పెద్ద. చీపురుపల్లి మనిషి, సాయంత్రం ప్యాసింజర్ బండిని అందుకోవాలని ఎప్పుడూ గడియారం చూసేవాడు. నన్ను అక్కా అనేవాడు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని ఆ తెర చూసేవాడు.

"అక్కా, నువ్వీ నల్లబల్ల మీద రాస్తే సింగపూర్లో ఎవుడు సదువుతాడు?"

"మిషన్ చదువుతుంది."

"తప్పు రాస్తే సెప్తాదా?"

"చెప్తుంది. ఎన్నో లైనులో తప్పుందో కూడా చెప్తుంది."

"అయితే మన మేడమ్ కంటే నయమే. ఆవిడ సంతకం పెట్టకండా తిప్పి పంపేస్తాది గాని, ఎందుకో సెప్పదు."

ఒక్క విషయంలోనే మేమిద్దరం పోట్లాడుకున్నాం. దరఖాస్తు ఇచ్చినవాళ్ళకు ఆయన తన ఇన్‌వర్డ్ రిజిస్టరులో నంబరు వేసి, ఒక చిన్న రసీదు చింపి ఇచ్చేవాడు. ఈ ఏడు అది ఆపేద్దాం, వెబ్‌సైటే రసీదు అన్నాను.

"కాయితం ముక్క సేతిలో ఉంటే ఆళ్ళకి ధైర్నంగా ఉంటాది అక్కా."

"రెండు చోట్ల రెండు లెక్కలుంటే ఎప్పుడో ఒకప్పుడు కలవవు. ఒక్కటే ఉండాలి."

ఆ ముక్కే నోటు రాసి ప్రిన్సిపాల్ మేడమ్‌కు పెట్టాను. ఆవిడ సంతకం చేసింది. ఆ ఏడు ఎవరికీ రసీదులు ఇవ్వలేదు.

మొత్తం 312 దరఖాస్తులు వచ్చాయి. నేనూ ఆయనా కూర్చుని కంప్యూటర్లో ఎక్కించాం. ఇక్కడ మా ప్రాంతపు పేర్ల సంగతి చెప్పాలి. మా వైపు ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ ఊరి అమ్మవారి పేరో, కొండ మీది దేవుడి పేరో ఒకటే పెడతారు. పెద్దవాడికి ముందు పెద, చిన్నవాడికి ముందు చిన. కాగితం మీద అది 'పె' అనీ 'చి' అనీ ఒక్క అక్షరంగా మిగులుతుంది. ఒక్కోసారి పేరుకు పైన, గీత మీద, చీమ తలంత ఉంటుంది. ఇక అన్నదమ్ములిద్దరికీ ఆడపిల్లలు పుడితే ఇద్దరికీ నానమ్మ పేరే పెడతారు. బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ ఎవరికీ గుర్తుండదు కనక మాస్టారు అందరికీ జూలై ఒకటి అని రాసేస్తాడు. ఇది నాకు తెలియంది కాదు. నేను పుట్టిందీ జూలై ఒకటినే, సర్టిఫికెట్టు ప్రకారం.

ఎక్కించేటప్పుడు ఆయన 'పె.' అని చుక్క పెట్టి కొట్టాడు. నేను 'పెద' అని కొట్టాను. కొన్ని ఫారాల్లో 'పెద్ద' అని ఉంది. ఇలా మూడు రకాలుగా ఉండటం నాకు నచ్చలేదు. రేపు ఒక పిల్ల తండ్రి పేరు కొట్టినప్పుడు 'పె' అని కొడుతుందో 'పెద్ద' అని కొడుతుందో ఎవరికి తెలుసు? పేరు కలవకపోతే మార్కులు కనపడవు. అందుకని జాబితాలోనూ, రేపు వాళ్ళు కొట్టేదాంట్లోనూ తండ్రి పేరు ముందున్న ఆ ముక్కలన్నీ తీసేయమని ఒక లైను రాశాను. జాబితా శుభ్రంగా అయింది.

జూలై 17, 18, 19 తేదీల్లో ఆ జాబితాను సింగపూర్ గదిలోకి పంపడానికి కష్టపడ్డాను. మాది డాంగిల్ మీద నడిచే నెట్. సగం పేర్లు వెళ్ళగానే తెగిపోయేది. మళ్ళీ పంపేదాన్ని. వెళ్ళినవి వెళ్ళినట్టే ఉండి, వాటి మీద మళ్ళీ వచ్చి పడేవి. శనివారం నాలుగు గంటలకు చూస్తే సర్వర్‌లో 497 పేర్లు ఉన్నాయి. మొత్తం చెరిపేసి మొదటి నుంచి పంపడానికి టైము లేదు, నెట్ మీద నమ్మకమూ లేదు. రెండేసి సార్లు వచ్చినవాటిని తీసేయమని రాశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఈ నాలుగూ ఒకటైతే మనిషి ఒక్కరే. ఆఖరి నంబరున్నది ఉంచి మిగతావి తీసెయ్. మార్కులు కూడా కలవాలని రాయడం నాకు తట్టలేదు. మార్కులు మనిషి ఆనవాలు కాదనుకున్నాను.

తెర మీద 309 వచ్చింది.

సూపరింటెండెంటు రిజిస్టరు తెరిచాడు. "నా దగ్గర మూడు వందల పన్నెండు, అక్కా."

"ఏటా రెండో మూడో డబుల్ వస్తాయిగా. పోస్టులో ఒకటి, చేతికి ఒకటి."

"వస్తాయి. కాదన్నేదు. దరకాస్తుల కట్ట దించి సూసుకుందాం. గంట పని."

ఆయన బండికి ఇంకా నలభై నిమిషాలే ఉంది. నాకు దొంగలు పడకుండా సర్వర్ తలుపులు వేసే పని మిగిలి ఉంది. సోమవారానికి ట్రస్టు ఛైర్మన్‌గారు ముహూర్తం పెట్టించుకుని కార్డులు కూడా వేయించారు. నువ్వు బయల్దేరు, బండి పోతుంది అన్నాను. ఆయన రిజిస్టరు మూసి సంచీ తీసుకున్నాడు. ఆ రోజు డైరీలో నా చేతి రాత ఇలా ఉంది: 312లో డబుల్ 3, మిగిలినవి 309, సరి.

సోమవారం ల్యాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ప్రిన్సిపాల్ మేడమ్ చిన్న ప్రార్థన చేసింది. సరిగ్గా పది ఇరవై ఐదుకు ఛైర్మన్‌గారు ఎంటర్ నొక్కారు. ప్రొజెక్టరు వెలుగులో గోడ మీద నలభై పేర్లు వచ్చాయి. చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. నేనూ ఉన్నాను, అంచున, సగం. ఆ నలభై మంది పిల్లలూ బుధవారం సాయంత్రానికల్లా వచ్చి చేరిపోయారు.

గురువారం రెండు గంటలకు ఒక రైతు, పద్దెనిమిదేళ్ళ కూతురు వచ్చారు. రాజాం దగ్గర పల్లె. ఆయన కుర్చీలో కూర్చోలేదు.

"అమ్మా, మా పాప మీకు కాయితం ఇచ్చినాదా నేదా? ఆ ఒక్క ముక్క సెప్పండి. సీటు సంగతి తరవాత."

"ఇచ్చినాను నాన్నా," అంది ఆ పిల్ల. సూపరింటెండెంటు వైపు చూపించింది. "ఈ సారుకే ఇచ్చినాను. రసీదు అడిగితే, ఈ ఏడు రసీదుల్లేవమ్మా, నెట్టులో వస్తాది అన్నారు."

సూపరింటెండెంటు నా వైపు చూశాడు.

"నెట్టులో మా అన్న కూతురి మార్కులొచ్చినాయి," అన్నాడు తండ్రి. "మా పాప పేరు కొట్టినా ఆ పిల్లవే, ఆ పిల్ల పేరు కొట్టినా ఆ పిల్లవే. ఆ పిల్లది పోస్టులో పంపినాం. ఈవిడ మట్టుకు ఆఖర్రోజున ఒక్కర్తీ బస్సెక్కొచ్చి ఇచ్చినానంటాది. మా అన్న ఏటన్నాడో తెలుసా? ఇచ్చుంటే రాదేటి, రాజాంలో దిగి ఎక్కడికెళ్ళిపోనాదో అడగరా అన్నాడు. నలుగుర్లో అన్నాడు."

"నువ్వూ అన్నావు నాన్నా."

"అన్నాను. అననేటి? మిషన్ అబద్దమాడతాదా?"

సూపరింటెండెంటు లోపలికి వెళ్ళి కట్ట దించాడు. ఇరవై నిమిషాలు పట్టింది. నా బల్ల మీద రెండు ఫారాలు పెట్టాడు. 298, 306. ఒకే ఇంటి పేరు, ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే ఏడు జూలై ఒకటి. 306లో తండ్రి పేరు ముందు 'పె'. మార్కులు 742. 298లో 'చి', వంగిన గీతతో, నీలం సిరాతో. మార్కులు 871. వెయ్యికి. జాబితాలో ఆఖరి పిల్లకు 806. ఈ పిల్ల ఉంటే పదిహేడోది అయ్యేది.

ఆ మూడింటిలో మిగతా రెండూ నిజంగానే డబుల్. మూడింట రెండొంతులు నేను చెప్పిందే నిజం.

ఆ ఫారాలు వాళ్ళకు చూపించలేదు. పైఅధికారి చూడకుండా ఫైలు కాగితం బయటివాళ్ళకు చూపకూడదని ఆఫీసు పద్ధతి. పద్ధతి ప్రకారమే ఫైల్లో పెట్టి, రేపు రండి అన్నాను.

ప్రిన్సిపాల్ మేడమ్ చెడ్డ మనిషి కాదు. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని మార్కులు చూసింది.

"నలభై మందీ చేరిపోయారు. మంచాలు కూడా ఇచ్చేశాం," అంది. "నలభయ్యో పిల్లను పంపించేద్దామా? ఆ తండ్రికి మీరు చెప్తారా?"

"నలభై ఒకటో సీటు అడగొచ్చు కదా మేడమ్?"

"ఎవరిని అడగను? ఏమని అడగను? కంప్యూటర్ తప్పు చేసిందనా? అది బయటికి వస్తే రేపు మూడు వందల మంది గేటు దగ్గరుంటారు, మావీ చూడండని. ఫొటో వచ్చి మూడు రోజులు కాలేదు." ఫారాలు నాకు తిరిగి ఇచ్చింది. "మీరు లేనిది రాయొద్దు. సర్వర్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి. చాలు."

ఉన్నది ఉన్నట్టు రాశాను. 'ఈ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీతో సర్వర్‌లో ఒక్కటే దరఖాస్తు ఉన్నదని పరిశీలించి ధ్రువీకరించడమైనది.' కింద సంతకం, తేదీ 25-7-2014. సూపరింటెండెంటు అది రెండుసార్లు చదివాడు.

"ఇందులో ఒక్క అబద్దం నేదక్కా," అన్నాడు. "అబద్దముంటే బాగున్ను. ఎవుడో ఒకడు పట్టుకునీవోడు."

ఆ పిల్ల ఆ మధ్యాహ్నం వచ్చింది. తండ్రి బయట చెట్టు కింద ఆగిపోయాడు. నా ఎదురుగా నిలబడి ఆ కాగితం చదివింది.

"ఇందులో నాను ఇచ్చినానని ఉందా, ఇవ్వనేదని ఉందా?"

"సర్వర్‌లో లేదని ఉందమ్మా."

"నాను సర్వర్‌కి ఇవ్వనేదు కదండీ. సారుకి ఇచ్చినాను."

సూపరింటెండెంటు లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆయనకు పింఛను లేదు, ట్రస్టు ఉద్యోగం. ఇంకో ఏడాదిన్నర ఉంది. ఆయన్ని నేను ఏమీ అనలేను. ఫైలు ఉన్నది నా బల్ల మీద.

"సీటొద్దండి," అంది ఆ పిల్ల. "ఫలానా తారీకున ఇది కాయితం ఇచ్చినాది అని ఒక ముక్క రాసియ్యండి. మీకేటీ పోదు. మా పెదనాన్నకి సూపించాల. మా నాన్నకి సూపించాల."

"అలా రాసే అధికారం నాకు లేదమ్మా," అన్నాను. అదీ నిజమే.

ఆమె ఏడవలేదు. నా రిపోర్టు మడిచి బల్ల మీద పెట్టి, చెట్టు కిందికి వెళ్ళింది. తండ్రి ముందు నడిచాడు, పిల్ల వెనక నడిచింది. మొదటిరోజు పక్కపక్కనే వచ్చారు.

మరుసటి ఏడు రసీదులు మళ్ళీ పెట్టించాను. పోల్చేవాటిలో మార్కులు చేర్చాను, 'పె', 'చి' అక్షరాలను తిరిగి వాటి చోట పెట్టాను. ఆ తర్వాత నేను దిగిపోయేదాకా ఒక్క తప్పూ రాలేదు. 2016లో నా పదవీ విరమణ రోజున స్కూలుకు వెబ్‌సైటు తెచ్చినందుకు శాలువా కప్పారు. ఆ పిల్ల మళ్ళీ దరఖాస్తు చేయలేదు. ప్రతి జూన్‌లో ఆ ఊరి పేరు వెతికాను.

పిల్లలూ, సర్వర్ ఎక్కించడం మీకు నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకంటే బాగా నేర్పుతారు. నేను చెప్పగలిగింది కొంచెమే. లెక్క తేలనప్పుడు భయం లేదు, తేలేదాకా కూర్చుంటారు. తేలకపోవడానికి మీ దగ్గర వెంటనే ఒక మంచి కారణం దొరికినప్పుడు భయపడండి. నాకు దొరికింది. అనుభవం ఉన్నవాళ్ళకే అలాంటి కారణాలు దొరుకుతాయి. కొత్తవాళ్ళయితే కట్ట దించేవాళ్ళు. ఆ తర్వాత చేసిన పనిని పొరపాటు అనడానికి నాకు నోరు రాదు. పొరపాటు శనివారం సాయంత్రానిది. శుక్రవారం నేను అన్నీ తెలిసి రాశాను.

సూపరింటెండెంటు నాకంటే నాలుగు నెలల ముందే ఉద్యోగం నుంచి దిగిపోయాడు. వెళ్ళే రోజున ఒక కవరు ఇచ్చాడు. ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఆ పేజీ నకలు. 298, ఆయన చేతి రాత, తేదీ, 'స్వయంగా ఇచ్చినది' అని.

"నాకు ధైర్నం సాల్లేదు అక్కా. నీకుంటే పట్టుకెళ్ళు."

నాకు ఏడాది పట్టింది. 2017 ఫిబ్రవరి 11, శనివారం, రాజాంలో బస్సు మారి ఆ ఊరు వెళ్ళాను. నకలుతో పాటు నేను రాసిన ఒక ఉత్తరం కూడా కవరులో పెట్టాను. దరఖాస్తు అందింది, తప్పు నాది, తెలిసి దాచాను అని మూడు వాక్యాలు, సంతకం.

ఆమె కళ్ళంలో ఉంది. మినుములు నూర్చి తూర్పారబడుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని రెండు కాగితాలూ నిలబడే చదివింది.

"ఆ రోజే తెలుసా మీకు?"

"తెలుసు."

"మా నాన్న చెట్టు కింద ఉన్నప్పుడు?"

"తెలుసమ్మా."

ఇంకోసారి చదివింది. "మూడేళ్ళు మా నాన్న నన్ను ఒక్కదాన్నీ బస్సెక్కనివ్వనేదు," అంది. రెండేళ్ళ ఏడు నెలలు. నేను సరిదిద్దలేదు. "మా పెదనాన్నతో మాటల్లేవు. ఈ సంకురేతిరి తరవాతే కలిసినారు. మొన్న సంతకి నన్ను ఒక్కదాన్నే పంపినాడు నాన్న. ఎక్కడికెళ్ళావు, ఎప్పుడొచ్చావు అని అడగనేదు."

"ఇది చూపిస్తే నీ మాట నిజమని తెలుస్తుంది."

"తెలిస్తే? నలుగుర్లో అంత మాటన్నావేట్రా అని మా నాన్న ఆళ్ళ అన్న మీదకెళ్తాడు. మళ్ళీ మొదలు." కాగితాలు రెండూ వాటి మడతల ప్రకారమే మడిచింది. కవరులో పెట్టి నా చేతికిచ్చింది. "ఆళ్ళు మర్సిపోనారు. నాకిప్పుడు అదే కావాల. ఇది మీ దగ్గరే ఉంచండి. మీకే పనికొస్తాది."

దెప్పుతూ అనలేదు. బరువు ఎవరిదో చూసి వాళ్ళకు అందించినట్టు అంది. ఇంటి వైపు కేకేసి ఎవరినో నీళ్ళు తెమ్మంది. చేట మళ్ళీ ఎత్తింది. నేను కవరు పట్టుకుని అక్కడే నిలబడి ఉంటే, గాలి ఎటు నుంచి వస్తోందో చూసి అంది:

"ఇటు రండమ్మా. అక్కడుంటే పొట్టు మీద పడతాది."

ఆమె చూపించిన వైపుకు జరిగాను.